ప్రోగ్రామ్ కంటే ముందే వచ్చే ఎర్రర్



పేరెంట్స్ మీటింగ్‌లో కంప్యూటర్ టీచర్ల దగ్గరికి వచ్చే ఫిర్యాదు ఒకటి దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "మేడమ్, మావాడికి కోడింగ్ అబ్బేలా లేదు. యూట్యూబ్ చూసి ఇంట్లో ప్రయత్నించాడు, రాలేదు. బయట ఏదైనా క్లాసులో చేర్పించమంటారా?" ఏం ప్రయత్నించాడని కాస్త తరచి అడిగితే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది. ఆ పిల్లాడు ఒక్క లైను ప్రోగ్రామ్ కూడా రాయలేదు. పైథాన్ డౌన్‌లోడ్ చేశాడు, ఇన్‌స్టాల్ చేశాడు, ఒక నల్లటి విండో తెరిచి వీడియోలో చూపించినట్టే టైప్ చేశాడు. వీడియోలో ఆయనకు వచ్చింది, మనవాడికి రాలేదు. అంతటితో మూసేసి, తనకు కోడింగ్ రాదని తేల్చేసుకున్నాడు.

రెగ్యులేటర్ సరిగ్గా బిగించకపోతే స్టవ్ వెలగదు. అంతమాత్రాన ఆ మనిషికి వంట రాదని ఎవరమూ అనం. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లలు తమ గురించి తామే ఆ మాట అనేసుకుంటున్నారు. మనమూ కాదనడం లేదు.

ప్రోగ్రామ్ రాయడానికి ముందు కంప్యూటర్‌ను సిద్ధం చేసుకునే పనిని ఎన్విరాన్‌మెంట్ సెటప్ అంటారు. భాషను ఇన్‌స్టాల్ చేయడం, దానికి కావాల్సిన అదనపు ప్యాకేజీలు తెచ్చుకోవడం, అవన్నీ ఒకదానికొకటి కనిపించేలా చూడటం ఇందులోకి వస్తాయి. దీని గురించి నా అభిప్రాయం రెండు మాటల్లో చెబుతాను. మొదలుపెట్టే పిల్లల ముందు ఈ గోడ ఉండకూడదు. అందుకు మంచి ఓపెన్ సోర్స్ వెబ్ యాప్‌లు ఉచితంగానే ఉన్నాయి. కాస్త పెద్దయ్యాక మాత్రం ఈ గోడను వాళ్లే ఎక్కాలి, మనం ఎత్తుకుని దాటించకూడదు.

ఆ ఎర్రర్లు నిజానికి ఏం చెబుతున్నాయి?

ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యే నాలుగు ఇబ్బందులు చూద్దాం. కంప్యూటర్ చదువుకోని తల్లిదండ్రులకు కూడా ఇవి సులువుగానే అర్థమవుతాయి.

మొదటిది, "పైథాన్ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్" అని మొదలయ్యే ఎర్రర్. పైథాన్ కంప్యూటర్‌లో ఉండే ఉంటుంది. కానీ అది ఏ ఫోల్డర్‌లో ఉందో విండోస్‌కు తెలియదు. అమ్మ ఇంగువ తెమ్మంటే పిల్లవాడు పోపుల పెట్టెలో మాత్రమే వెతికి "లేదమ్మా" అంటాడు. అది పై అరలో ఉంటుంది. కంప్యూటర్ కూడా అంతే, తన దగ్గరున్న అరల జాబితాలో మాత్రమే వెతుకుతుంది. ఆ జాబితా పేరే పాత్. చాలా ఏళ్లుగా వస్తున్న పైథాన్ విండోస్ ఇన్‌స్టాలర్‌లో మొదటి స్క్రీన్ అడుగున "పాత్‌కు చేర్చు" అనే అర్థంతో చిన్న గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్ ముందే పెట్టి ఉండదు, మనమే పెట్టాలి. తొందరలో నెక్స్ట్ నొక్కేస్తే తర్వాత ఈ ఎర్రర్ వస్తుంది.

రెండోది, "నో మాడ్యూల్ నేమ్డ్..." అనే ఎర్రర్. "ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేశాను మేడమ్, అయినా లేదంటోంది" అని పిల్లలు వాపోతారు. తరచూ కారణం ఏమిటంటే, ఒకే కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు ఉంటాయి. అన్నయ్య ఎప్పుడో వేసింది ఒకటి, ఇప్పుడు వేసింది ఇంకొకటి. జీలకర్ర ఒక పోపుల పెట్టెలో పోసి, రెండో పెట్టె తెరిచి చూస్తే ఎలా కనిపిస్తుంది?

మూడోది నాకు చాలా ఇష్టమైన ఇబ్బంది. పైథాన్‌లో బొమ్మలు గీసే టర్టిల్ అనే మాడ్యూల్ ఉంది. పిల్లలు ఆ పాఠం ప్రాక్టీస్ చేస్తూ తమ ఫైలుకు కూడా ముచ్చటగా టర్టిల్ అనే పేరు పెడతారు. పైథాన్ ముందుగా ఆ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది కాబట్టి అసలు టర్టిల్‌ను వదిలేసి, పిల్లవాడు రాసిన ఫైలునే తెరుస్తుంది. అందులో బొమ్మలు గీసే సరంజామా ఏమీ ఉండదు. క్లాసులో ఇద్దరు శ్రావణిలు ఉంటే హాజరు పిలిచినప్పుడు ముందు బెంచీ శ్రావణి లేచినట్టన్నమాట.

నాలుగోది నోట్‌ప్యాడ్‌తో వస్తుంది. ఫైలు పేరు "హలో డాట్ పై" అని పెట్టాననుకుంటారు. విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని మామూలుగా దాచిపెడుతుంది కాబట్టి, వెనకాల చేరిన "డాట్ టీఎక్స్‌టీ" అనే తోక కనబడదు. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే చోట టిక్ పెడితే రెండు సెకన్లలో తెలిసిపోతుంది.

ఈ నాలుగింటిలో ఒక్కదానికి కూడా లెక్కల్లో వచ్చే మార్కులతోనో, తెలివితేటలతోనో సంబంధం లేదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఇంజినీరు కూడా కొత్త కంపెనీలో చేరగానే మొదట చేసే పని లాప్‌టాప్‌లో ఇలాంటివి సరిచేసుకోవడమే. ఆయన దాన్ని పనిలో భాగం అనుకుంటాడు. మన పిల్లలు మాత్రం ఓటమి అనుకుంటున్నారు.

మొదటి మెట్టుకు బ్రౌజర్ చాలు

ఓపెన్ సోర్స్ అంటే ఉచితం అని మాత్రమే కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపించే కోడ్‌ను ఎవరైనా తెరిచి చదవొచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. మీరు రోజూ వాడేవాటిలోనే ఇవి ఉన్నాయి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేది మీడియావికీ అనే ఓపెన్ సోర్స్ వెబ్ యాప్ మీదే. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే దీక్ష వేదికను సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద కట్టారు. లైనక్స్‌ను తెలుగు మెనూలతో తెచ్చే పనిని మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు భుజాన వేసుకున్నారు.

చిన్న తరగతులకు స్క్రాచ్ ఉంది. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో దీన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 2019లో వచ్చిన స్క్రాచ్ 3 బ్రౌజర్‌లోనే, ట్యాబ్‌లోనూ నడుస్తుంది. రంగు రంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి పేర్చడమే ప్రోగ్రామ్ రాయడం. స్పెల్లింగ్ తప్పు అనేదే ఉండదు కాబట్టి పిల్లల దృష్టంతా "తర్వాత ఏం జరగాలి" అన్నదాని మీదే ఉంటుంది.

పైథాన్ మొదలుపెట్టాలనుకునే వాళ్లకు జూపిటర్‌లైట్ ఉంది. బ్రౌజర్‌లో దాని పేజీ తెరిస్తే చాలు, లాగిన్ కూడా అక్కర్లేదు. టైప్ చేసి రన్ నొక్కితే జవాబు వస్తుంది. పైథాన్‌ను బ్రౌజర్ లోపలే నడిపే పయోడైడ్ అనే ప్రాజెక్టు 2018లో మొజిల్లాలో మొదలైంది. దాని పుణ్యమా అని ఇది సాధ్యమైంది. ప్రోగ్రామ్ ఎక్కడో సర్వర్‌లో కాకుండా మీ ఇంట్లోని కంప్యూటర్‌లోనే నడుస్తుంది. మొదటిసారి పేజీ తెరుచుకోవడానికి కొంచెం సమయం, డేటా తీసుకుంటుంది. ఇబ్బందిగానే అయినా ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. కాబట్టి ఆరో తరగతి పిల్లవాడికి కోడింగ్ నేర్పడానికి కొత్త లాప్‌టాప్ కొనాలేమోనన్న కంగారు వద్దు.

ఒక వారాంతానికి ఒక ఆట

ఎనిమిదో తరగతి నుంచి పిల్లలకు నేను చెప్పే ప్రాజెక్టు ఒకటుంది. 2048 అనే అంకెల ఆట మీలో చాలామంది ఫోన్‌లో ఆడే ఉంటారు. ఇటలీకి చెందిన గాబ్రియేలే చిరుల్లి అనే 19 ఏళ్ల కుర్రాడు 2014 మార్చిలో దాన్ని తయారుచేసి, కోడ్ మొత్తాన్ని ఓపెన్ సోర్స్‌గా గిట్‌హబ్‌లో పెట్టాడు. ఎవరైనా దాన్ని జిప్ ఫైలుగా దించుకోవచ్చు. డౌన్‌లోడ్ చేయడానికి అకౌంట్ అక్కర్లేదు. అన్‌జిప్ చేసి, అందులోని ఇండెక్స్ ఫైలును డబుల్ క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో ఆట మొదలవుతుంది. ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

అసలు సరదా ఆ తర్వాత ఉంది. జేఎస్ అనే ఫోల్డర్‌లో గేమ్ మేనేజర్ అనే ఫైలును నోట్‌ప్యాడ్‌తో తెరవమనండి. అందులో గెలుపును నిర్ణయించే చోట 2048 అనే అంకె కనిపిస్తుంది. దాన్ని 64గా మార్చి, సేవ్ చేసి, పేజీని రిఫ్రెష్ చేస్తే, 64 రాగానే ఆట "గెలిచావు" అంటుంది. అదే ఫైలు మొదట్లో ఆట ఎన్ని పలకలతో మొదలవ్వాలో చెప్పే 2 అనే అంకె ఉంటుంది. దాన్ని 6 చేస్తే ఏమవుతుందో వాళ్లనే చూడనివ్వండి. ఎక్కడో ఒక కామా పోయి ఆట ఆగిపోతే మరీ మంచిది. ఏం మార్చామో గుర్తుంచుకుని వెనక్కి వెళ్లడం అప్పుడే నేర్చుకుంటారు. అంతా పాడైతే జిప్ ఫైలు ఎలాగూ ఉంది, మళ్లీ అన్‌జిప్ చేసుకోవచ్చు.

అప్పటిదాకా ఫోన్‌లో ఆట అంటే ఎవరో చేసి ఇచ్చిన వస్తువు. ఒక్క అంకె మార్చాక అది తాను విప్పి చూడగలిగిన వస్తువు అవుతుంది. మన ఇళ్లలో పిల్లలు గంటల తరబడి స్క్రీన్ చూస్తున్నారని బాధపడుతుంటాం. ఆ స్క్రీన్ వెనక్కి వెళ్లే దారి ఇది.

ఎప్పటికీ బ్రౌజర్‌లోనే ఉంటే కుదరదు

ఇంత చెప్పాక, బ్రౌజర్‌తోనే సరిపెట్టుకోవచ్చు కదా అని అడగవచ్చు. కుదరదు. జూపిటర్‌లైట్‌లో పిల్లవాడి పని బ్రౌజర్ జ్ఞాపకంలోనే ఉంటుంది. ఎవరైనా బ్రౌజర్ డేటా తుడిచేస్తే పనీ పోవచ్చు. పైగా సీబీఎస్‌ఈ 12వ తరగతి కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో పైథాన్‌ను మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో కలపాలి. అంటే రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లు ఒకే కంప్యూటర్‌లో ఉండాలి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అక్కడ రూట్ పాస్‌వర్డ్ మర్చిపోవడం, పైథాన్‌కు ఆ కనెక్టర్ దొరకకపోవడం లాంటివన్నీ వస్తాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టిన ఆ పాస్‌వర్డ్‌ను నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోమని నేను ప్రతి ఏడాదీ చెబుతాను.

మధ్యలో ఒక మెట్టు ఉంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు థానీ అనే ఓపెన్ సోర్స్ ఎడిటర్ సరిగ్గా సరిపోతుంది. ఎస్టోనియాలోని తార్తు విశ్వవిద్యాలయంలో, కొత్తగా నేర్చుకునే వాళ్ల కోసమే దీన్ని తయారుచేశారు. పైథాన్ దీనితోపాటే వస్తుంది కాబట్టి పాత్ గొడవ ఉండదు. ప్రోగ్రామ్‌ను ఒక్కో అడుగూ నడిపించి, ఏ క్షణాన ఏ విలువ ఎంత ఉందో చూపిస్తుంది. పాత కంప్యూటర్‌లో కూడా బరువు అనిపించదు. ఇక్కడ అలవాటు పడ్డాక, పదకొండో తరగతిలో పైథాన్, మైఎస్‌క్యూఎల్ పూర్తిగా ఇన్‌స్టాల్ చేయడం అంత భయపెట్టదు.

మనం చేయాల్సింది, చేయకూడనిది

పిల్లలకు ఎర్రర్ రాగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న బాబాయికి ఫోన్ వెళుతుంది. ఆయన స్క్రీన్ షేర్ తీసుకుని, పది నిమిషాల్లో ఏవేవో కమాండ్లు కొట్టి సరిచేసి పెడతాడు. ప్రేమతోనే చేస్తాడు. కానీ ఆ పది నిమిషాలూ పిల్లవాడు పక్కన కూర్చుని చూశాడు తప్ప నేర్చుకున్నదేమీ ఉండదు. వచ్చే నెల వేరే ఎర్రర్ వస్తే మళ్లీ ఫోనే. బాబాయి గారిని సాయం అడగండి, తప్పులేదు. కీబోర్డ్ మాత్రం పిల్లవాడి చేతిలోనే ఉండాలని ముందే చెప్పండి. ఆయన అడగాలి, పిల్లవాడు చేయాలి.

ఎర్రర్‌కు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టించండి. ప్రతిసారీ మూడు లైన్లు రాయాలి: నేనేం చేశాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది. పెద్ద పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో లోపం గురించి చెప్పాలంటే అడిగేవి కూడా దాదాపు ఇవే. వీటితోపాటు ఏ వెర్షన్ వాడుతున్నారో అడుగుతారు. పైథాన్ ఎర్రర్‌ను చివరి లైను నుంచి చదవమని చెప్పండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఐదు మార్పులు ఒకేసారి చేసి అది పనిచేసినా, దేనివల్ల పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

చాట్‌బాట్‌ను అడగొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. అడగొచ్చు, కానీ ఆ మూడు లైన్లు రాశాకే. అది చెప్పిన కమాండ్ ఏం చేస్తుందో తెలియకుండా కాపీ చేసి నొక్కకూడదు. ఫైళ్లు తుడిచేసే కమాండ్లు కూడా చూడటానికి అలాగే ఉంటాయి.

భద్రత విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. సాఫ్ట్‌వేర్‌ను దాని అధికారిక వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. పైథాన్‌కు అయితే పైథాన్ డాట్ ఆర్గ్. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటన లింకులు నొక్కకూడదు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని చెప్పే వీడియో ఏదైనా సరే, అక్కడితో ఆపేయాలి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ అవసరమే లేదు, నేను పైన చెప్పినవన్నీ న్యాయంగా ఉచితం. గిట్‌హబ్‌లో అకౌంట్ తెరవాలంటే 13 ఏళ్లు నిండాలి, అది కూడా మీకు తెలిసే జరగాలి.

దీనివల్ల మార్కులు వస్తాయా?

ఈ ప్రశ్నకు సూటిగానే జవాబిస్తాను. జేఈఈలోనూ, ఎప్‌సెట్‌లోనూ దీనికి ఒక్క మార్కు కూడా రాదు. సీబీఎస్‌ఈ 12వ తరగతి కంప్యూటర్ సైన్స్ తీసుకున్న వాళ్లకు మాత్రం 100లో 30 మార్కులు ప్రాక్టికల్స్‌వి, అందులో 8 ప్రాజెక్టువి. ఇంట్లో సెటప్ సరిగ్గా ఉన్న పిల్లలు ఆ ప్రాజెక్టును నెమ్మదిగా, సొంతంగా చేస్తారు. లేనివాళ్లు చివరి వారంలో బజారులో రెడీమేడ్ ప్రాజెక్టు కొంటారు. వైవాలో రెండో ప్రశ్నకే ఆ తేడా తెలిసిపోతుంది.

మార్కుల మాట పక్కన పెడితే, మీలో చాలామంది పిల్లలను కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్‌లో చేర్పించాలనుకుంటున్నారు. అక్కడ మొదటి సెమిస్టర్‌లోనే ఈ గోడ ఎదురవుతుంది. హాస్టల్ గదిలో, పక్కన అమ్మానాన్నలు లేనప్పుడు, తోటివాళ్లందరికీ వచ్చేసిందేమోనన్న బెంగతో దాన్ని ఎదుర్కోవడం కంటే, ఇంట్లో మీ కళ్లముందు, పరీక్ష ఒత్తిడి లేని ఒక ఆదివారం ఎదుర్కోవడం మంచిది కదా.

పాఠశాల యాజమాన్యానికి కూడా ఒక విన్నపం. మన ల్యాబుల్లో అన్నీ ముందే ఇన్‌స్టాల్ చేసి ఉంటాయి. పీరియడ్ వృథా కాకూడదనే మంచి ఉద్దేశంతోనే ఆ ఏర్పాటు జరిగింది. దానివల్ల పిల్లలకు పనిచేసే కంప్యూటర్ తెలుసు గానీ, దాన్ని పనిచేసేలా చేయడం తెలియదు. తొమ్మిదో తరగతి నుంచి టర్మ్‌కు రెండు ల్యాబ్ పీరియడ్లు సెటప్ కోసమే కేటాయిస్తే బాగుంటుంది. ఏమీ లేని కంప్యూటర్ ఇచ్చి, సూచనల పేజీ చదువుకుంటూ పిల్లలే సిద్ధం చేసుకోవాలి. ఆ రోజు పాఠం ముందుకు సాగలేదని నోట్‌బుక్ చూసి మీరు కంగారు పడకండి. ఆ రోజు పాఠమే అది.

ఈ నెలలో మీ అమ్మాయో అబ్బాయో వచ్చి "ఎర్రర్ వచ్చింది" అంటే, బాబాయికి ఫోన్ చేయడానికి ముందు ఒక్క మాట అడగండి: "ఏమని వచ్చిందో చివరి లైను చదివి వినిపించు." మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. మీకు పైకి చదివి చెప్పే క్రమంలో చాలాసార్లు వాళ్లకే అర్థమవుతుంది. అప్పటికీ తెగకపోతే ఆ మూడు లైన్లు రాసిన నోట్‌బుక్ ఇచ్చి పంపించండి. ల్యాబ్‌లో కలిసి చూస్తాం.

— మీ పిల్లల కంప్యూటర్ టీచర్